గ్యాసు బండ లెక్క

ఫస్టియర్ వాళ్లకు ఈ వారం కెమిస్ట్రీలో స్టాయికియోమెట్రీ, అంటే ఏది ఎంత కలిస్తే ఏది ఎంత వస్తుందో చెప్పే లెక్క, మొదలుపెట్టాను. ఈ పాఠం వస్తుందంటేనే తరగతికి నీరసం వస్తుంది. పేరు పలకడమే కష్టం. ఆపైన మేమూ తక్కువ వాళ్లమేమీ కాదు, ‘బరువును అణుభారంతో భాగించు, గుణించు, ఆప్షన్ పెట్టు’ అని పరుగెత్తిస్తాం.

ఈ రోజు పుస్తకంలోని లెక్కలు పక్కన పెట్టి బోర్డు మీద గ్యాసు బండ బొమ్మ వేశాను. అందులో ఉండేది 14.2 కిలోలు, ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్. సులువుగా ఉండేందుకు అంతా బ్యూటేనే అనుకోమన్నాను. “బండ అయిపోయేసరికి ఎంత కార్బన్ డయాక్సైడ్ వస్తుంది?” చాలామంది పద్నాలుగు కిలోల లోపే అన్నారు. వెనక బెంచీ అబ్బాయి ఒకడు “కాలిపోయాక ఏం మిగులుతుంది మేడమ్, సున్నా” అన్నాడు. అందరూ నవ్వారు గానీ, నాకు ఆ జవాబే నచ్చింది. కంటికి కనిపించింది చెప్పాడు.

సమీకరణం తుల్యం చేస్తే రెండు బ్యూటేన్ అణువులకు పదమూడు ఆక్సిజన్ అణువులు కావాలి. ఎనిమిది కార్బన్ డయాక్సైడ్ అణువులు, పది నీటి అణువులు వస్తాయి. వెంటనే ఒకమ్మాయి, “అయితే రెండు కిలోలకు పదమూడు కిలోల ఆక్సిజన్” అంది. ఏటా ఎవరో ఒకరు ఈ మాట అంటారు. ఆ అంకెలు అణువుల లెక్క, తూకం లెక్క కాదు. మోల్ అంటే డజను లాంటిదే, అణువులను లెక్కపెట్టే ఒక పెద్ద కట్ట. ఒక మోల్ బ్యూటేన్ 58 గ్రాములు, ఒక మోల్ ఆక్సిజన్ 32. గ్రాముల నుంచి మోల్స్‌లోకి వెళ్లాలి, అక్కడ నిష్పత్తి చూసుకోవాలి, మళ్లీ గ్రాముల్లోకి రావాలి. వెళ్లడం, రావడం అందరికీ వచ్చు. మధ్యలో నిష్పత్తి దగ్గర ఎవరూ ఆగరు.

చివరికి తేలింది ఇది: ఆక్సిజన్ 51 కిలోలు పడుతుంది, కార్బన్ డయాక్సైడ్ 43 కిలోలు, నీరు 22 కిలోలు వస్తాయి. పద్నాలుగు కిలోల బండ నుంచి నలభై మూడా! కాసేపు గోల. వచ్చిన మొత్తం బరువులో ముప్పాతిక పైగా గాలిలోని ఆక్సిజన్‌దేనని కూడి చూపిస్తే గానీ ఒప్పుకోలేదు. గాలి బరువులో ఆక్సిజన్ సుమారు 23 శాతమే కాబట్టి, ఒక్క బండ కాలడానికి 220 కిలోల దాకా గాలి కావాలి. వంటింటికి కిటికీ ఎందుకో వేరే చెప్పలేదు.

జర్మనీలో జెరెమియస్ రిక్టర్ అనే రసాయన శాస్త్రవేత్త ఇలాంటి పాళ్లను, ఏ ఆమ్లానికి ఎంత క్షారం సరిపోతుందో తూచి తూచి పట్టుకున్నాడు. అది 1790ల మాట, డాల్టన్ పరమాణు సిద్ధాంతం ఇంకా రాలేదు. అణువు ఊసు లేకుండా త్రాసుతోనే అంత దూరం వెళ్లినవాడి పేరు మా సిలబస్‌లో ఎక్కడా లేదు.

సాయంత్రం అత్తయ్యతో 22 కిలోల నీళ్ల సంగతి చెప్పాను. “అందుకేనా, చల్లటి గిన్నె పొయ్యి మీద పెట్టగానే అడుగున చెమట పడుతుంది?” అన్నారు. నలభై ఏళ్లుగా చూస్తున్నారట. అంత చక్కటి ప్రయోగం నాకు తట్టనే లేదు. పనిలో పనిగా, “మరి ఆ చిన్న పొయ్యి గిన్నెలన్నీ మసి చేస్తోంది, దానికీ లెక్క ఉందా అమ్మాయ్?” అని అడిగారు. ఉంది. గాలి సరిగా అందకపోతే కార్బన్‌కు సరిపడా ఆక్సిజన్ దొరకదు, మంట పసుపురంగుకు తిరుగుతుంది, కాలని కార్బనే మసిగా అంటుకుంటుంది. అక్కడ ఆక్సిజనే లిమిటింగ్ రియేజెంట్, అంటే ముందుగా అయిపోయి చర్యను ఆపేసేది. బర్నర్ తీసి సూదితో రంధ్రాలు పొడిచాక మంట నీలంగా వచ్చింది.

రేపటి పాఠం ఆ లిమిటింగ్ రియేజెంటే. ప్రణాళికలో దానికి ఒక్క పీరియడే ఇచ్చారు. నేను రెండు తీసుకుంటాను. వెనక బెంచీ అబ్బాయిని బోర్డు దగ్గరకు పిలవాలి.