ఐపీసీ అంటే ల్యాబ్ రికార్డులో రాసిన ఆ నాలుగేనా?

ఇంజినీరింగ్‌లో ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) ల్యాబ్ చేసిన వాళ్ళని ఐపీసీ, అంటే ప్రోగ్రాములు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతులు (ఇంటర్ ప్రాసెస్ కమ్యూనికేషన్), ఏంటని అడిగితే పైపు, ఫిఫో, మెసేజ్ క్యూ, షేర్డ్ మెమరీ అని టకటకా చెప్పేస్తారు, వైవా కోసం బట్టీ పట్టిందే కదా. కానీ లైనక్స్ సర్వర్‌లో ఏది దేంతో మాట్లాడుతోందో చూస్తే ఎక్కువగా కనిపించేది ఈ లిస్టులో లేని యూనిక్స్ డొమైన్ సాకెట్, అంటే ఒకే మెషీన్‌లోని ప్రోగ్రాములు మామూలుగా ఒక ఫైల్ పేరుతో కనెక్ట్ అయ్యే దారి. డాకర్ కమాండ్ తన డీమన్‌తో (వెనకాల నడుస్తూ ఉండే ప్రోగ్రామ్) మామూలుగా దాంట్లోనే మాట్లాడుతుంది, ప్రోగ్రాములు ఒకదానికొకటి కబుర్లు పంపుకునే డీ-బస్ అంతే, స్క్రీన్ మీద విండోలు చూపించే ఎక్స్ విండో అంతే, వేలాండ్ కూడా అంతే. సాకెట్ అనగానే నెట్‌వర్క్స్ సబ్జెక్ట్‌లోకి తోసేస్తాం, అక్కడేమో ఐపీ అడ్రస్, పోర్ట్ గొడవలోనే సెమిస్టర్ అయిపోతుంది.

ఒక ప్రోగ్రామ్ రాసింది ఇంకోటి చదివే పైపుని తక్కువ చెయ్యట్లేదు. బెల్ ల్యాబ్స్‌లో మెకిల్‌రాయ్ 1964లోనే ప్రోగ్రాముల్ని ఇలా కలపాలని రాసి పెట్టాడు, కెన్ థాంప్సన్ 1973లో యూనిక్స్‌లో పెట్టాడు. ఇందులో నాకు బాగా నచ్చేది ఆగడం. లైనక్స్‌లో పైపు బఫర్ మామూలుగా 65,536 బైట్లు, అది నిండితే రాసేవాడిని కెర్నలే (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) నిద్రపుచ్చుతుంది, ఖాళీ అయితే చదివేవాడిని. ఒకే లైనుని ఆగకుండా రాస్తూ ఉండే యెస్ కమాండ్‌ని హెడ్‌లోకి పైప్ చేసి చూడండి, హెడ్ 10 లైన్లు చూపించి వెళ్ళిపోతుంది, ఆ తర్వాత రాయబోయిన యెస్‌కి సిగ్‌పైప్ (చదివేవాడు లేడనే సిగ్నల్) తగిలి చచ్చిపోతుంది, దీనికి మనం ఒక్క లైను కోడ్ కూడా రాయక్కర్లేదు.

కాకపోతే అది వన్ వే. రెండు వైపులా కావాలని రెండు పైపులు పెడితే రెండూ నిండిపోయి ఇద్దరూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ కూర్చునే ప్రమాదం ఉంది, పైథాన్‌లో సబ్‌ప్రాసెస్ (వేరే ప్రోగ్రామ్‌ని నడిపే మాడ్యూల్) వాడేటప్పుడు కమ్యూనికేట్ ఫంక్షన్ వాడమని డాక్యుమెంటేషన్ హెచ్చరించేది ఇందుకే. ఫిఫోలో (పేరున్న పైపు) అయితే పది మంది రాస్తే జవాబు ఎవరికివ్వాలో సర్వర్‌కి తెలీదు, పైగా లైనక్స్‌లో ఒక్కో రైట్ 4096 బైట్లు దాటితే ఒకరి డేటా మధ్యలో ఇంకొకరిది దూరిపోవచ్చు.

సిస్టమ్ ఫైవ్ (పాత యూనిక్స్ వెర్షన్) మెసేజ్ క్యూలంటే నాకైతే చిరాకే. ప్రోగ్రామ్ పోయినా క్యూ అలాగే ఉండిపోతుంది, ఐపీసీఎస్ కమాండ్ కొట్టి వెతికి ఐపీసీఆర్ఎం తో తీసెయ్యాలి. అసలు ఇబ్బంది ఏంటంటే అది ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైల్‌కి కెర్నల్ ఇచ్చే నంబర్) కాదు, కాబట్టి చాలా డిస్క్రిప్టర్లని ఒకేసారి కనిపెట్టుకుని ఉండే పోల్‌లోకో ఈపోల్‌లోకో ఎక్కదు, ఒకే లూప్‌లో వంద కనెక్షన్లు చూసుకునే సర్వర్‌లో దాన్నెక్కడ పెడతారు? ఇద్దరూ ఒకే మెమరీని చూసే షేర్డ్ మెమరీ మాత్రం వేరే, పెద్ద డేటాకి దాన్ని మించింది లేదు, ఒకరు రాస్తుంటే ఇంకొకరు దూరకుండా తాళాలు (లాకులు) మాత్రం మనమే వేసుకోవాలి.

ఇక యూనిక్స్ సాకెట్, 1983లో 4.2 బీఎస్‌డీతో (బర్క్లీ వాళ్ళ యూనిక్స్) వచ్చింది. రెండు వైపులా మాట్లాడొచ్చు, ఒక్కో క్లయింట్‌కి వేరే కనెక్షన్, ఎవరు కనెక్ట్ అవ్వచ్చో ఫైల్ పర్మిషన్లతోనే కట్టడి చెయ్యొచ్చు. లైనక్స్‌లో అయితే అవతలున్న ప్రాసెస్ ఏ యూజర్‌దో కెర్నలే చెప్తుంది, పాస్‌వర్డ్ అక్కర్లేదు, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పీర్ లాగిన్ నడిచేది దీని మీదే. ఇంకో సంగతి చాలామందికి తెలీదు, తెరిచి ఉన్న ఫైల్ డిస్క్రిప్టర్‌నే ఇందులో అవతలి ప్రోగ్రామ్‌కి పంపించెయ్యొచ్చు. వేలాండ్ యాప్ తన బొమ్మ ఉన్న మెమరీని డిస్‌ప్లే సర్వర్‌కి అందించేది ఇలాగే, పిక్సెల్స్ సాకెట్‌లో పోవు, వాటిని చేరే డిస్క్రిప్టర్ మాత్రం పోతుంది.

తలనొప్పులూ ఉన్నాయి లెండి, లైనక్స్‌లో సాకెట్ ఫైల్ పాత్ 108 బైట్లలో పట్టాలి, సర్వర్ క్రాష్ అయితే సాకెట్ ఫైల్ అక్కడే పడుండి మళ్ళీ స్టార్ట్ చేస్తే అడ్రస్ వాడుకలో ఉందని గోల పెడుతుంది, బైండ్ (సాకెట్‌ని ఆ పేరుకి కట్టడం) ముందు అన్‌లింక్ చెయ్యాలి, అంటే పాత ఫైల్ తీసెయ్యాలి. మీ మెషీన్‌లో ఎన్నున్నాయో చూడాలంటే ఎస్ఎస్ కమాండ్‌కి ఎక్స్, ఎల్, పీ ఆప్షన్లు ఇచ్చి సూడోతో కొట్టండి, ఏ సాకెట్ ఎవరిదో ప్రాసెస్ పేరుతో సహా వస్తుంది.