వాన పడితే మటాటూ రేటు

కెన్యా రాజధాని నైరోబీలో మబ్బు పడితే గొడుగు కంటే ముందు చిల్లర చూసుకోవాలి. అక్కడ ఊరంతా తిరిగే మటాటూలు, అంటే చిన్న బస్సులూ వ్యాన్లూ, దాదాపు అన్నీ ప్రైవేటువే. ఆఫీసు టైముకి ఒక రేటు, మధ్యాహ్నం ఇంకో రేటు. చినుకు పడిందంటే ఇక వాళ్ల నోటికొచ్చిందే రేటు.

నేను వెళ్లింది నవంబరులో, చిన్న వానల కాలం. సాయంత్రం సిటీ సెంటర్‌లో ఒంగాటా రోంగాయ్ బండెక్కాను, అక్కడ స్నేహితుడి ఇల్లు. ఆ రూటు బళ్ల సోకు నైరోబీలోనే పేరుమోసింది. ఒళ్లంతా ఫుట్‌బాల్ ఆటగాళ్ల బొమ్మలు, లోపల ఊదా రంగు లైట్లు, టీవీ తెరలు. పాట మొదలైతే పక్కటెముకలు అదురుతాయి.

తలుపు దగ్గర కండక్టర్ 'వంద, వంద' (వాళ్ల షిల్లింగులు) అని అరుస్తుంటే ఎక్కి కూర్చున్నాం. బండి నిండితేగానీ కదలదు. ఈలోగా వాన దంచేసింది. అంతే, అదే నోటితో 'రెండు వందలు' అన్నాడు, ముందే ఎక్కిన మాకు కూడా! నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోపే, ఒళ్లో ఆకుకూర కట్టలు పెట్టుకున్న పక్కసీటు పెద్దావిడ అందుకుంది. ఆవిడ వెనకే బండి మొత్తం గోల. చివరికి నూట యాభైకి దిగొచ్చాడు.

ఐదు వందల నోటిచ్చాను. దాన్ని నిలువుగా మడిచి వేళ్ల మధ్య ఇరికించుకుని, చిల్లర తర్వాత అన్నాడు. మన ఆర్టీసీ కండక్టరైతే బాకీ టికెట్ వెనకాల రాసిస్తాడు. ఇక్కడ అసలు టికెట్టే లేదు, దేనిమీద రాస్తాడు? లాంగాటా రోడ్డు జామ్‌లో బండి పాకుతున్నంతసేపూ నా కళ్లు అతని వేళ్లమీదే. "చిల్లర ఇచ్చేదాకా దిగకు" అని పెద్దావిడ ఇంగ్లీషులో రెండుసార్లు హెచ్చరించింది.

దిగేటప్పుడు మూడు వందలు చేతిలో పెట్టాడు. మిగతా యాభై? "ఎంపెసా నంబరు చెప్పు, పంపిస్తా" అన్నాడు. ఎంపెసా అంటే అక్కడి ఫోన్ నంబరుతో డబ్బు పంపుకునే పద్ధతి. నా దగ్గరున్నది ఇండియా నంబరే. అతను బండి డొక్క మీద రెండు దెబ్బలు చరిచాడు, బండి వెళ్లిపోయింది, యాభైతో సహా.

అందుకే చెబుతున్నా, దిగిన రోజే పాస్‌పోర్టు చూపించి లోకల్ సిమ్ తీసుకుని ఎంపెసా పెట్టించుకోండి. మనకు యూపీఐ రాకముందే, 2007 నుంచే వాళ్లకిది ఉంది. నెట్ లేని బటన్ ఫోన్‌లోనూ పనిచేస్తుంది, మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్లూ అందులోనే తీసుకుంటారు. కాకపోతే మనిషికి పంపేది వంద దాటితే ఛార్జీ పడుతుంది, అదొక్కటే చిరాకు.

మిగతావి తెలిసినవే. 2024 జనవరి నుంచి వీసా బదులు ఈటీఏ అనే ప్రయాణ అనుమతి, బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి. పచ్చళ్లు సర్దేటప్పుడు ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు వాడకండి, 2017 నుంచి నిషేధం. ప్లగ్గులు బ్రిటన్ వాళ్ల మూడు చదరపు పిన్నులవి. ఆఫ్రికా కదా అని స్వెటర్ మానేయొద్దు, నైరోబీ ఎత్తు మీదుంది, జులైలో బాగానే వణికిస్తుంది.

ఎల్లో ఫీవర్ టీకా మాత్రం కనీసం పది రోజుల ముందే వేయించుకోండి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఆ కార్డు లేకుండా తిరిగొస్తే, మనవాళ్లే ఎయిర్‌పోర్టులో ఆపి ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు.