సీఓటూ సిలిండరు ముందు తప్పిన ట్రేడ్ టెస్టు

వెల్డర్ పోస్టుల తుది ఫలితాలు పోయిన వారం వచ్చాయి. ఎంపికైనవారి జాబితాలో నా నంబరు ఉంది. ఇది నా రెండో ప్రయత్నం. కాజీపేట, హన్మకొండ, రామగుండం వైపు నుంచి ఇదే పరీక్షకు చదువుతున్న మిత్రులు ఎలా చదివావని అడుగుతున్నారు. సిలబస్, మార్కుల విభజన మీకు తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్లను. మొదటిసారి నన్ను ఇంటికి పంపిన ఒక్క అంశం గురించి వివరంగా రాస్తాను. అది కార్బన్ స్టీలుకు షీల్డింగ్ గ్యాస్ (వెల్డింగ్ చేసేటప్పుడు కరిగిన లోహానికి గాలి తగలకుండా కప్పే వాయువు) ఎంపిక.

రాత పరీక్షలో నేను మొదటిసారే గట్టెక్కాను. ఈ గ్యాసులను వర్గాలుగా విభజించే ఐఎస్ఓ 14175 పట్టిక నాకు కంఠతా వచ్చు: శుద్ధ ఆర్గాన్ ఐ1, వంద శాతం కార్బన్ డయాక్సైడ్ (సీఓటూ) సీ1, ఆర్గాన్‌లో కార్బన్ డయాక్సైడ్ 15 శాతం దాటి 25 శాతం వరకు ఉంటే ఎం21. ట్రేడ్ టెస్టులో, అంటే చేతిపని పరీక్షలో, 10 మిల్లీమీటర్ల మైల్డ్ స్టీల్ ప్లేట్లు, వీ గ్రూవ్ (అంచులను వాలుగా చెక్కిన వీ ఆకారపు సందు), వర్టికల్ పొజిషన్ (నిలువు అతుకు) ఇచ్చారు. నేను సాధన చేసినదంతా 80 శాతం ఆర్గాన్, 20 శాతం సీఓటూ మిశ్రమం మీద. అక్కడ పెట్టినది శుద్ధ సీఓటూ సిలిండరు. తేడా గమనించకుండా అలవాటు ప్రకారం, కరిగి అతుకులో చేరే 1.2 మిల్లీమీటర్ల వైరుకు 130 ఆంపియర్లు, 18.5 వోల్టులు పెట్టి మొదలుపెట్టాను. వైరు ప్లేటుకు గుచ్చుకుని టార్చిని వెనక్కి తన్నింది, స్పాటర్ (చిందిన లోహపు తునకలు) నాజిల్ నిండా పేరుకుంది, బీడ్ (వెల్డింగ్ గీత) తాడు పరిచినట్టు ఉబ్బుగా వచ్చింది. గ్రైండింగ్ చేశాక పైకి బాగానే కనిపించింది గాని, అతుకును వంచి చూసే బెండ్ టెస్టు ప్రెస్సులో ముక్క పూర్తిగా వంగకముందే ఒక అంచు వెంట విచ్చుకుంది. ఆ చీలికలోకి చూస్తే ప్లేటుకు నేను పెట్టిన వాలు, దాని మీది గ్రైండర్ గీతలతో సహా, చెక్కుచెదరకుండా ఉంది. కరిగిన లోహం దాని మీద కూర్చుంది తప్ప దానితో కలవలేదు. సీఓటూకు వోల్టేజి ఎందుకు పెంచలేదని పరీక్షాధికారి అడిగారు. పట్టికలో ఆ సంగతి లేదు కనుక నా దగ్గర జవాబు లేదు.

తర్వాత ఎనిమిది నెలలు మడికొండలో ట్రాక్టర్ ట్రాలీలు తయారుచేసే ఒక షెడ్డులో, సాయంత్రం అక్కడి పని ముగిశాక సాధన చేశాను. అక్కడ సీఓటూ, మిశ్రమం రెండూ ఉండేవి. స్టెయిన్‌లెస్ పనికి టిగ్ (టంగ్‌స్టన్ కడ్డీతో చేసే వెల్డింగ్) కోసం శుద్ధ ఆర్గాన్ కూడా ఉండేది. మొదటి రోజే మేస్త్రీ, “బిడ్డా, మీటర్ తర్వాత సూడు, ముందు సప్పుడు ఇను” అన్నాడు. వోల్టేజి సరిగ్గా కుదిరితే మిర్చి బజ్జీలు నూనెలో వేగుతున్నట్టు తెంపు లేకుండా వినిపిస్తుంది. తక్కువైతే వైరు పొడుచుకుని తడబడుతుంది. మిశ్రమంలో 18.5 దగ్గర వచ్చిన ఆ చప్పుడు సీఓటూలో 20.5 దగ్గర గాని రాలేదు.

కారణం పుస్తకంలో ఉంది, నేనే దాన్ని దాటవేశాను. కార్బన్ డయాక్సైడ్ ఆర్క్ (వైరుకూ ప్లేటుకూ మధ్య వెలిగే విద్యుత్ మంట) వేడికి కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్‌లుగా విడిపోతూ వేడిని తీసుకుంటుంది. అందువల్ల ఆర్క్ సన్నబడి, అదే పొడవుకు ఎక్కువ వోల్టేజి అడుగుతుంది. విడిపోయినవి ప్లేటు దగ్గర మళ్లీ కలిసేటప్పుడు ఆ వేడి బయటికొస్తుంది కనుక పెనెట్రేషన్ (ప్లేటులోకి కరుగు దిగడం) లోతుగా, వెడల్పుగా వస్తుంది. అయితే కరిగిన లోహపు బిందువు వైరు కొన దగ్గర పెద్దదై పక్కకు ఎగసి స్పాటర్ అవుతుంది. ఆర్గాన్ 80 శాతానికి తగ్గకుండా ఉంటే, తగినంత కరెంటు మీద, వైరు మందం కన్నా చిన్న బిందువులు వరుసగా దిగే స్ప్రే ట్రాన్స్‌ఫర్ సాధ్యమవుతుంది. శుద్ధ సీఓటూలో అది ఎంత కరెంటు పెట్టినా రాదు.

అలాగని ఆర్గాన్ ఎంత శుద్ధమైతే అంత మంచిదనుకోవడం పొరపాటు. మూడు గ్యాసులతో మూడు బీడ్‌లు వేసి, అడ్డంగా కోసి, ఎమెరీ కాగితంతో నునుపు చేసి, కరిగిన మేర కనబడేలా ఆల్కహాల్‌లో కొద్దిగా నత్రికామ్లం కలిపిన ద్రావణం పూశాను. సీఓటూ బీడ్ గిన్నె అడుగులా గుండ్రంగా దిగింది. మిశ్రమంలో లోతు కాస్త తగ్గినా అంచులు ప్లేటులోకి నునుపుగా కలిశాయి. శుద్ధ ఆర్గాన్ బీడ్ నడుమ వేలు గుచ్చినట్టు సన్నగా దిగి, రెండు పక్కలా అంచు వెంట గాడి, అంటే అండర్‌కట్ వదిలింది. కొద్దిపాటి ఆక్సీకరణ లేకపోతే స్టీలు మీద ఆర్క్ ఒకచోట నిలవదు. ఆ ఆక్సిజన్ లోహాన్ని పాడుచేయకుండా పట్టుకోవడానికే ఈఆర్70ఎస్-6 అనే మైల్డ్ స్టీల్ వైరులో మాంగనీసు, సిలికాన్ ఎక్కువగా పెడతారు. బీడ్ మీద అక్కడక్కడా మెరిసే గోధుమరంగు గాజు పెంకులు వాటి అవశేషాలే.

ఇక మిగతా విషయాలు. గ్యాస్ ప్రవాహం నిమిషానికి 12 నుంచి 15 లీటర్లు చాలు. పోరోసిటీ (అతుకులో గాలి బుడగల రంధ్రాలు) వచ్చిందని 25 దాటిస్తే సుడులు పుట్టి బయటి గాలినే లోపలికి లాగుతాయి. అలాంటప్పుడు ముందుగా పక్కనున్న ఫ్యాను ఆపండి. సీఓటూ సిలిండరులో ద్రవం ఉన్నంతసేపు గేజీ దాదాపు ఒకేచోట ఉంటుంది కనుక మిగిలినది తూకంతోనే తెలుస్తుంది. 31 డిగ్రీలు దాటితే అది ద్రవంగా ఉండదు, మన మే నెల షెడ్డులో ఆ లెక్క కూడా మారుతుంది. గణితం, రీజనింగ్, డ్రాయింగ్‌కు రోజుకు రెండు గంటలు పెట్టాను, పాత ప్రశ్నపత్రాలు చేశాను. అంతకుమించి చెప్పడానికి లేదు.

బిట్లు చదవకుండా ఇనుము కాలుస్తూ కూర్చున్నాడని బంధువులు అన్నారు, చేస్తున్న ఉద్యోగం మానేయడం తప్పని ఇంట్లోనూ అన్నారు. ఆ నిర్ణయం సరైనదేనని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. రోజూ ఒక ముక్క కోసి చూడనిదే పడుకోలేదు. జ్వరం వచ్చిన రెండు రోజులు తప్ప ఆ నియమం తప్పలేదు. వెల్డర్‌గా బతకదలచినవారు ఆ పాటి కట్టుబాటు పెట్టుకోవాలి. చేతిపనిని సెలవు రోజుల్లో నేర్చుకుందామంటే కుదరదు.

రెండోసారి హాలులో ముందుగా రెగ్యులేటర్ చూశాను. దానికి హీటరు బిగించి ఉంది, అంటే మళ్లీ సీఓటూ. తుక్కు ముక్క మీద బీడ్ వేస్తూ చప్పుడు కుదిరేదాకా వోల్టేజి పెంచి, ఆ తర్వాతే ప్లేటు ముట్టుకున్నాను. రూట్ బెండ్, ఫేస్ బెండ్ (అతుకు అడుగు వైపు, పై వైపు సాగేలా వంచే పరీక్షలు) రెండూ విచ్చుకోకుండా వంగాయి. మూడు గ్యాసులతో వేసి కోసిన ఆ మూడు ముక్కలు షెడ్డులోనే అల్మారాలో ఉన్నాయి. మడికొండ వైపు వచ్చే మిత్రులకు చూపమని మేస్త్రీకి చెప్పి ఉంచాను.