కండక్టర్ ఒక్కరే కాదు

యూత్ ఆర్కెస్ట్రాలో మూడేళ్లు సెకండ్ వయొలిన్ వాయించాను. చూసేవాళ్లకి కండక్టరే కనిపిస్తారు. మమ్మల్ని తీర్చిదిద్దింది మాత్రం సెక్షన్ కోచ్, అంటే ఒక్కో వాద్యం గుంపుకి విడిగా నేర్పేవారు. వేరే గదిలో కూర్చోబెట్టి, అవే నాలుగు బార్లు (తాళం లెక్కలో చిన్న చిన్న భాగాలు) ఇరవైసార్లు వాయింపజేసేవారు. బో (వయొలిన్ కమాను) పైకా, కిందికా అన్నది అందరి చేతా పెన్సిల్‌తో రాయించేవారు (పెన్ తెస్తే అయిపోయామే!).

ఒక కచేరీలో నేను ఒక బార్ ముందే మొదలెట్టేశాను. టెన్షన్‌తో చేతులు వణికాయి. కండక్టర్ నా వైపు చూడలేదు, ఎడమచెయ్యి కాస్త దించారంతే. ముందున్న మా సెక్షన్ లీడర్, నాకంటే ఏడాదే పెద్దది, తలూపి ఎప్పుడు మొదలెట్టాలో చూపించింది. అది పట్టుకుని కలిసిపోయాను.

1975లో వెనిజులాలో సంగీతకారుడు అబ్రేయు మొదలుపెట్టిన పిల్లల ఆర్కెస్ట్రా కార్యక్రమం ఎల్ సిస్టెమాలోనూ పెద్ద పిల్లలు చిన్నవాళ్లకి నేర్పుతారని తర్వాత చదివితే ఆ అక్కే గుర్తొచ్చింది. కచేరీ అయ్యాక నా పేజీలో నేను ఆగాల్సిన ఆ ఖాళీ బార్ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుట్టింది. ఏమీ అనలేదు.