మా 407కి డీజిల్ ఎక్కడ కారిందంటే

మా నాన్న 2003లో కొన్న టాటా 407 చిన్న లారీ ఇంకా మా దగ్గరే ఉంది. మిర్చి సీజన్‌లో చుట్టుపక్కల ఊళ్ల నుంచి గుంటూరు యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలేది దాని మీదే. ఈ ఫిబ్రవరిలో, సరుకు జోరుగా దిగే రోజుల్లో, బండి మొండికేసింది. రాత్రి బాగానే ఆపేవాణ్ణి, తెల్లారి సెల్ఫ్ కొడితే ఎంతకీ అందుకునేది కాదు. ట్యాంకు నుంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు మీద చేత్తో కొట్టే ప్రైమర్‌ను ముప్ఫై నలభై సార్లు నొక్కాకే తెల్లటి పొగ కక్కుతూ లేచేది. షెడ్డులో ఇంజన్ కింద రూపాయి బిళ్లంత మరకలు, క్యాబిన్ నిండా డీజిల్ వాసన. ఆ వాసన అంటిన టిక్కీని ఎవరు కొంటారు? నాకు అసలు టెన్షన్ అదే.

మొదట చూపించిన షాపులో, నాజిళ్లకు డీజిల్ తోసే పెద్ద పంపు తడిగా ఉందని, దాన్ని దించి కాలిబ్రేషన్ (డీజిల్ కొలత సరిచూడటం) చేయాల్సిందేనని, 14 వేలు అవుతుందని చెప్పారు. మనసొప్పక ఆటోనగర్‌లో మా నాన్నకు అలవాటైన మేస్త్రిగారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన టార్చి వేసి చూసి, "పంపు తడిసింది సరే, తడిపిందెవరో చూడొద్దా బాబూ?" అన్నారు.

ఇంజన్ అంతా జిడ్డు. ఆ జిడ్డులో లీకు వెతకడం దండగని ముందు కిరసనాయిలుతో బ్రష్ పెట్టి కడిగించారు. గాలి కొట్టి ఆరబెట్టి, పంపు, పైపులు, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ల మీద టాల్కం పౌడర్ చల్లారు. పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఇంజన్ ఆపి చూశాం. పంపు మీద పౌడర్ చాలావరకు పొడిగానే ఉంది. మూడో నాజిల్ దగ్గర, మిగిలిన డీజిల్‌ను వెనక్కి పంపే ఓవర్‌ఫ్లో పైపును పట్టి ఉంచే బాంజో బోల్ట్ (లోపల బోలుగా ఉండే బోల్ట్) కింద మాత్రం వెంట్రుకంత తడి గీత. అది ఇంజన్ హెడ్ అంచు దాటి, బ్లాకు పక్కగా జారి, తిన్నగా పంపు మీదకే దిగుతోంది. నేనైతే ఆ 14 వేలు కట్టేసేవాణ్ణే.

బోల్ట్ విప్పితే కాపర్ వాషర్ చేతికొచ్చింది. ఇరువైపులా గోటికి తగిలేంత గాడి. రాగి ఒకసారి నొక్కుకుపోయాక గట్టిపడుతుంది, ఎంత బిగించినా మళ్లీ సర్దుకోదు. పాతదాన్నే ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మెత్తబడుతుంది కానీ, ఇంత గాడి పడ్డాక అది కూడా వద్దన్నారు. నాలుగు నాజిళ్లకూ కొత్తవి వేశారు. ఖర్చు వందలోపే.

కారడం ఆగింది. మర్నాడు పొద్దున మళ్లీ అదే తంతు, సెల్ఫ్ కొడితే లేవలేదు. నిజం చెప్పాలంటే ఏడుపొచ్చినంత పనైంది. మేస్త్రిగారు మాత్రం, "ఇది బయటికి కారే లీకు కాదు, గాలి పీల్చే లీకు" అన్నారు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న లైనులో పంపు డీజిల్‌ను లాగుతుంది. అక్కడ చిల్లు ఉంటే చుక్క కారకపోవచ్చు, గాలి లోపలికి వెళ్తుంది. బండి ఆపాక ఆ గాలి వల్ల లైన్లో డీజిల్ వెనక్కి, కిందున్న ట్యాంకులోకి జారిపోతుంది. పొద్దున లైను ఖాళీ.

ఫీడ్ పంపు ముందు ఒక జానెడు ట్రాన్స్‌పరెంట్ పైపు తాత్కాలికంగా బిగించి ఇంజన్ నడిపితే బుడగలు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి. వాటి వెంట వెనక్కి పోయి చూస్తే, ఛాసిస్ క్లాంప్ దగ్గర రబ్బరు పైపు. పైకి బాగానే ఉంది. బొటనవేలితో వంచితే ఎండిన చెరువు నేలలా నెర్రెలు విచ్చుకున్నాయి. రబ్బరు పాతబడటం ఒక కారణం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా సల్ఫర్ 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో పది) మించని బీఎస్-6 డీజిల్ వచ్చాక పాత బళ్ల రబ్బర్లు, సీళ్లు త్వరగా బిగుసుకుంటున్నాయని ఆయన అంటారు. మీటరు పైపు, రెండు క్లాంపులు మార్చాం.

తర్వాత గాలి తీయడం. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, నురగ పోయి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా ప్రైమర్ కొట్టడం, ఆ తర్వాత పంపు స్క్రూ దగ్గర కూడా అంతే. చివరగా నాజిల్ నట్లు కాస్త వదిలి సెల్ఫ్ కొట్టించారు. అప్పుడు నేను ఒక పైపు మీద చెయ్యి పెట్టబోతే ఆయన గట్టిగా అరిచారు. లారీ టైరులో గాలి ఒత్తిడి ఏడెనిమిది బార్లు ఉంటుంది, నాజిల్ తెరుచుకునేది 200 బార్లకు పైన. సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. ఆ లైన్లలో లీకు చూడాలంటే అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి, చెయ్యి పెట్టకూడదు.

ఆ రాత్రి ఇంజన్ కింద పేపరు పరిచి పడుకున్నాను. నాలుగున్నరకు లేచి చూస్తే పేపరు పొడిగా ఉంది. సెల్ఫ్ ఒక్కసారి తిప్పగానే అందుకుంది. ఫీడ్ పంపు ప్రైమర్ దగ్గర ఇంకా కాస్త చెమ్మ కనిపిస్తోంది. సీజన్ అయ్యాక దాని సీలు మారుస్తానన్నారు మేస్త్రిగారు.