తల అడ్డంగా ఊపితే అవునా, కాదా?

సోమవారం మధ్యాహ్నాలు నేనే పేషెంట్‌ని. అంటే అద్దం వెనక గదిలో కూర్చుని మైకులో "ఛాతీ పట్టేసింది డాక్టర్" అని మూలుగుతుంటే, ఆ గొంతు అవతల మంచం మీది బొమ్మలోంచి వస్తుంది. కాసేపటికి ఒక బటన్ నొక్కి దాని గుండె ఆపేస్తాను. ఇంగ్లండ్‌లో ఓ మోస్తరు ఊరి ఆసుపత్రిలో, గుండె ఆగినవాళ్ళని ఎలా కాపాడాలో డాక్టర్లకి, నర్సులకి బొమ్మ మీద సాధన చేయించడం, ఇదీ నా డ్యూటీయే. ఒకసారి మరీ లీనమైపోయి "అమ్మా" అనేశాను, అందరూ అయోమయంగా చూస్తే కేరళ నర్సు మాత్రం ముసిముసిగా నవ్వింది.

టీములో కేరళ, ఫిలిప్పీన్స్, ఈజిప్టు, నైజీరియా వాళ్ళు, ఒకరిద్దరు ఇంగ్లీషువాళ్ళు ఉంటారు. ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5-6 సెంటీమీటర్ల లోతుకి నొక్కాలి, 30 నొక్కులకి 2 శ్వాసలు అన్నది అందరికీ కంఠతా వచ్చు. గొడవ అక్కడ కాదు.

ఆమధ్య బొమ్మకి వీఎఫ్ పెట్టాను, అంటే గుండె కొట్టుకోకుండా ఊరికే వణికే పరిస్థితి. రెండో కరెంట్ షాక్ అవగానే ఆ కేరళ నర్సు, గల్ఫ్‌లో చాలా ఏళ్ళు చేసొచ్చిన మనిషి, ఆగిన గుండెని మళ్ళీ కొట్టుకునేలా చేయడానికి ఇచ్చే మందు అడ్రినలిన్ 1 మిల్లీగ్రాము ఎక్కించేసింది, ఎవరికీ చెప్పకుండా. ఆవిడ నేర్చుకున్న అమెరికా పద్ధతిలో అది సరిగ్గా ఇవ్వాల్సిన సమయమే. ఇక్కడి పద్ధతిలో మాత్రం మూడో షాక్ తర్వాత. మూడోది అయ్యాక లీడర్‌గా ఉన్న ఇంగ్లీషు కుర్రాడు "అడ్రినలిన్ ఇచ్చారా?" అన్నాడు. ఆవిడ అవునన్నట్టు తల ఊపింది, మనం ఊపినట్టే, అటూ ఇటూ. వాడికది 'లేదు' అని అర్థమైంది, పక్కనున్నతని చేత మళ్ళీ ఇప్పించాడు. మధ్యలో రెండు నిమిషాలే! మూడు నుంచి ఐదు నిమిషాలు ఆగాల్సిన మందు. బొమ్మ కాబట్టి సరిపోయింది.

తర్వాత వీడియో వేసి చూస్తే ఇద్దరూ నోరెళ్ళబెట్టారు. "చెప్పొచ్చు కదా" అన్నాడు వాడు. "డాక్టర్ అడక్కుండా మధ్యలో నేనెలా చెప్తాను?" అంది ఆవిడ. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు రౌండ్స్‌లో కేస్ షీట్లు మోసుకుంటూ వెనకాల నిలబడ్డ నేను ప్రొఫెసర్‌గారి ముందు ఎన్నిసార్లు నోరు విప్పానో నాకు తెలుసు.

ఇప్పుడు మొదలుపెట్టే ముందే ఎవరు ఏ పద్ధతిలో నేర్చుకున్నారో అడిగి, అడ్రినలిన్ ఎప్పుడన్నది బోర్డు మీద రాస్తున్నాను. ఛాతీ మీద టేపు అతికించి పేరు రాయిస్తున్నాను, లేకపోతే "సిస్టర్" అంటే నలుగురు తిరుగుతారు. ఇవ్వమన్న మందు పేరు, డోసు తిరిగి చెప్పాలి, ఇచ్చాక "ఇచ్చాను" అని గట్టిగా అనాలి, తల ఊపితే లెక్కలోకి రాదు. దీనికి లక్షల బొమ్మ అక్కర్లేదు, తలా మొండెం మాత్రమే ఉండే మామూలు బొమ్మ చాలు, అసలు దిండు పెట్టుకున్నా చాలంటాను.

మొన్న సోమవారం షాక్ ఇచ్చాక మానిటర్ మీద రిథమ్ మార్చడం నేనే మర్చిపోయాను. ఆవిడ నొక్కడం ఆపకుండానే అద్దం వైపు తిరిగి అరిచింది: "సర్, అక్కడ నిద్రపోయారా?"