హ్యాండ్ బ్రేకు దించినా చక్రం వదలకపోతే: నా అనుభవం

కారు ఇవాళ మధ్యాహ్నమే ఇంటికి వచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు. చల్లారితే అందరినీ క్షమించేస్తాను కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

గూడూరు నుంచి వస్తుంటే వెంకటాచలం టోల్ ప్లాజా దగ్గర ఏదో కాలుతున్న వాసన వచ్చింది. ముందున్న లారీదనుకున్నాం. నెల్లూరులో మా వీధికి చేరినా వాసన పోలేదు. దిగి చూస్తే వెనక ఎడమ చక్రం దగ్గర సెగ కొడుతోంది. కుడి చక్రం మామూలుగానే ఉంది. హ్యాండ్ బ్రేకు లివరు పూర్తిగా దించే ఉంది, డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపమూ వెలగడం లేదు. న్యూట్రల్‌లో పెట్టి తోస్తే కారు మొండికేసింది. మా బావమరిది చెంబెడు నీళ్లు తెచ్చి చక్రం మీద పోయబోతే ఆపాను. అంత వేడి మీదున్న డ్రమ్ము (చక్రంతో పాటు తిరిగే ఇనప గిన్నె) మీద చన్నీళ్లు పడితే బీటలు వారవచ్చు. దాని మానాన దాన్ని చల్లారనివ్వాలి.

పొద్దున్నే నెమ్మదిగా నడుపుకుంటూ కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లాం. పేరు చెప్పను. ట్యాబ్ పట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు. సీట్లో కూర్చుని లివరు పైకి లాగాడు, దించాడు, దీపం చూశాడు, దిగిపోయాడు. పరీక్ష అయిపోయిందట!

“హ్యాండ్ బ్రేకు వేసుకునే నడిపినట్టున్నారు సార్. పెద్దవాళ్లు మరిచిపోతుంటారు” అన్నాడు, జాలిగా నవ్వుతూ.

అక్కడ కుర్చీల్లో కూర్చున్నవాళ్లంతా నా వైపు తిరిగారు. బావమరిది గొంతు సవరించుకున్నాడు. రాత్రి వేళ వానలో దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు ఎక్కించి దించినవాణ్ణి నేను. ఎత్తు మీద హ్యాండ్ బ్రేకుతో కారును నిలిపి, అంగుళం వెనక్కి జారకుండా ముందుకు తీయడం మా ఇంటి పిల్లలందరికీ నేర్పింది నేనే.

కోపం దిగమింగుకుని అడిగాను: “బాబూ, లివరు ఒక్కటే అయినా కేబుళ్లు వెనక రెండు చక్రాలకూ వెళ్తాయి కదా? వేసుకుని నడిపితే రెండూ కాలాలి. ఒక్క ఎడమదే ఎందుకు కాలింది?”

“దీపం ఆరిపోతోంది సార్. అంటే బ్రేకు వదిలినట్టే. సిస్టంలో కూడా ఏమీ చూపించడం లేదు.”

అంటే బ్రేకు వదిలింది, నేను మాత్రం వేసుకుని నడిపాను! ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో నాకు ఇప్పటికీ బోధపడలేదు. ఆ దీపం స్విచ్చి ఉండేది లివరు కింద. లివరు దిగిందా లేదా అన్నది దానికి తెలుస్తుంది. బ్రేక్ ఆయిల్ తగ్గినా అదే దీపం వెలుగుతుంది. అంతకు మించి, వెనక చక్రం దగ్గర షూ, అంటే లోపలి నుంచి ఒరుసుకుని ఆపే బ్రేకు ముక్క, డ్రమ్మును వదిలిందో లేదో దానికేం తెలుసు?

చక్రం విప్పకుండానే ఎస్టిమేటు వచ్చింది. రెండు వైపులా డ్రమ్ములు, షూలు, వీల్ సిలిండర్లు (పెడల్ తొక్కితే షూలను నెట్టేవి) కలిపి పదకొండు వేల చిల్లర. అంత జాబితాలో కేబులు మాత్రం లేదు. పైన కారణం అన్నచోట ‘కస్టమర్ డ్రైవింగ్ అలవాటు’ అని అచ్చు వేసి, సంతకం పెట్టమన్నాడు. పెట్టనన్నాను. ముందు లిఫ్టు ఎక్కించి చూడమంటే, ఎస్టిమేటుకు ఒప్పుకుంటేనే లిఫ్టట. మేనేజరు ఏసీ గదిలోంచి వచ్చి, “పోనీ, ఇంట్లో మేడమ్ గారు నడుపుతారా సార్?” అని అడిగాడు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు. చెప్పి ఉంటే మా ఆవిడే ఆటో ఎక్కి అక్కడికి బయలుదేరేది.

తాళాలు తీసుకుని తిన్నగా ఆటోనగర్ వెళ్లాం. మేస్త్రీ నన్ను ఏమీ అడగలేదు. చక్రాలన్నీ ముట్టి చూశాడు. ముందు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, గేరులో ఉంచి, జాకీతో వెనక ఎడమవైపు లేపి చక్రం తిప్పాడు. పట్టేస్తోంది. లోపల లివరు దగ్గరున్న నట్టును పానాతో వదులు చేసి మళ్లీ తిప్పాడు. తేడా లేదు. “బిగువు ఎక్కువై ఉంటే ఇప్పుడు వదలాలి అన్నా. ఇది కేబులో, లోపల షూలో” అన్నాడు.

చక్రం తీశాక డ్రమ్ము ఊడి రాలేదు. దాని ముఖం మీదున్న రెండు మరల రంధ్రాల్లో 8 ఎంఎం బోల్టులు వేసి, ఇటొక చుట్టు అటొక చుట్టు బిగిస్తే కదిలి వచ్చింది. షూలకు మందం బాగానే ఉంది, సిలిండరు దగ్గర తడి లేదు. వెనక షూకు తగిలించి ఉన్న చిన్న లివరును స్క్రూడ్రైవరుతో వెనక్కి నెట్టాడు, కదల్లేదు. కేబులు కొక్కెం తప్పించగానే ఆ లివరు టక్కున తన చోటికి వెళ్లిపోయింది. “చూశావా అన్నా, ఇది మంచిదే. దొంగ ఇక్కడుంది” అంటూ కేబులు చూపించాడు. చక్రం వైపు చివర రబ్బరు తొడుగు చిరిగి ఉంది. వంచితే లోపలి నుంచి ఎర్రటి తుప్పు నీళ్లు ఆయన బొటనవేలి మీదుగా కారాయి. లోపలి తీగ గొట్టానికి అతుక్కుపోయింది. లాగినప్పుడు వస్తుంది గానీ వదిలినప్పుడు వెనక్కి పోలేదు.

నీళ్లు ఎక్కడివో చెప్పనక్కర్లేదు. కార్తీకం వానల్లో రామలింగాపురం అండర్ బ్రిడ్జి దాటిన ఏ నెల్లూరు వాడికైనా తెలుసు.

కాస్త నూనె పోసి ఆడించవచ్చు కదా అన్నాడు బావమరిది. తొడుగు చిరిగాక మళ్లీ నీళ్లు దిగుతాయి, మళ్లీ పట్టేస్తుంది, పైగా నూనె షూ మీదికి కారితే బ్రేకే పడదు అన్నాడు మేస్త్రీ. కొత్త కేబులు వేశాడు. డ్రమ్ము శుభ్రం చేసి, షూలను గరుకు కాగితంతో రుద్ది బిగించాడు. పెడల్‌ను చాలాసార్లు తొక్కించాక, లివరు ఎన్ని క్లిక్కులకు పట్టాలో కారు పుస్తకంలో చూసి నట్టు సరిచేశాడు. మొత్తం ఖర్చు సర్వీస్ సెంటర్ ఎస్టిమేటులో పావు వంతు కూడా కాలేదు.

వానలో తడిసిన కారును రాత్రంతా హ్యాండ్ బ్రేకు మీద వదలకండి, షూలు డ్రమ్ముకు తుప్పుతో అంటుకుంటాయి. మా ఊళ్లో నేలంతా చదునే. గేరులో ఉంచి చక్రానికి ఇటుక అడ్డం పెడితే చాలు. విప్పి చూడనివాడు రాసిన కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి.

పాత కేబులు ఫొటో జతచేసి, ఎస్టిమేటులో ‘డ్రైవింగ్ అలవాటు’ అన్న మాట కొట్టేయమని సర్వీస్ సెంటర్‌కు మెయిలు పెట్టాను. మా సేవకు ఐదు నక్షత్రాలు ఇవ్వండి అని జవాబు వచ్చింది.

కొత్త కేబులు కొద్దిగా సాగుతుందట, కొన్నాళ్లు తిరిగాక తెస్తే నట్టు ఇంకాస్త బిగిస్తానన్నాడు మేస్త్రీ. అప్పుడే కుడివైపుది కూడా మార్పించేస్తాను, అదీ ఆ నీళ్లలో మునిగిందే.